తెలుగు సినిమాలో యాస, ప్రాంతం, జాతి: తరచుగా అడిగే ప్రశ్నలు

షార్ట్ ఫిల్మ్ తీసే కుర్రాళ్లతో కూర్చున్నా, ఏదైనా సినిమా మీద చర్చ పెట్టినా తిరిగి తిరిగి అవే సందేహాలు వస్తుంటాయి. "మా ఊరివాళ్లని ఇలా చూపించారేంటి?" అని కొందరు, "సినిమాని సినిమాలా చూడలేరా?" అని ఇంకొందరు. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పేకంటే రాసి పెడితే మేలనిపించింది. సినిమా తయారయ్యే వరసలోనే ప్రశ్నలు పెట్టాను. ఏ జవాబుకి ఆ జవాబు విడిగా ఉంటుంది, ఎక్కడినుంచైనా చదువుకోవచ్చు.

## కథకి ముందు: ఈ గొడవ ఎక్కడిది?

సినిమా అంటే వినోదమే కదా, ఇంత సీరియస్‌గా తీసుకోవాలా?

మనలో చాలామందికి పక్క జిల్లా పరిచయమైంది తెర మీదే. ఇచ్ఛాపురంలో పుట్టినవాడు ఎప్పుడూ పులివెందుల చూసి ఉండడు, కానీ అక్కడ మనుషులు ఎలా ఉంటారో తనకి తెలుసనుకుంటాడు. సీమ నుంచి హైదరాబాద్ హాస్టల్‌కి చదువుకోడానికి వచ్చిన పిల్లల్ని మొదటి వారమే "మీ ఊళ్లో బాంబులు వేస్తారటగా" అని అడుగుతారు. అడిగినవాడికి అది సరదా. నాలుగేళ్లూ అదే వినేవాడికి కాదు. ఇక గోండులు, కోయలు, చెంచుల విషయానికొస్తే, పట్నంలో పుట్టి పెరిగినవాళ్లలో ఎక్కువమంది వాళ్లని ఒక్కసారి కూడా కలిసి ఉండరు. తెర మీద కనిపించిందే వాళ్లకి మొత్తం సమాచారం.

తెలంగాణ యాస అన్నేళ్లు కమెడియన్లకీ విలన్లకీ మాత్రమే ఎందుకు ఇచ్చారు?

ఎవరో కూర్చుని కుట్ర చేశారని నేననుకోను. దశాబ్దాల పాటు మన పరిశ్రమ మద్రాసులో ఉంది. డబ్బు పెట్టినవాళ్లు, రాసినవాళ్లు, నాటకాల నుంచి వచ్చిన నటులు ఎక్కువగా కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాలవాళ్లు. అక్కడి చదువుకున్నవాళ్లు మాట్లాడే తీరే 'మామూలు తెలుగు' అయిపోయింది. అప్పుడు మిగతా యాసలన్నీ ఏదో ఒక ప్రయోజనం కోసమే వాడాల్సినవిగా మిగిలాయి: నవ్వించడానికి, లేదా భయపెట్టడానికి.

1985లో వచ్చిన 'ప్రతిఘటన'లో కోట శ్రీనివాసరావు తెలంగాణ యాసలో మాట్లాడే మంత్రిగా విజృంభించారు. ఆయన సొంతూరు కృష్ణా జిల్లా కంకిపాడు. నటన గొప్పది, అందులో వాదన లేదు. కానీ అది హిట్టయ్యాక ఆ యాస అవినీతి నాయకుడికీ రౌడీకీ రెడీమేడ్ చొక్కాలా అయిపోయింది. హైదరాబాద్‌లో స్టూడియోలు వచ్చాయి, పరిశ్రమ మొత్తం ఇక్కడికి తరలింది. డైలాగ్ మాత్రం మద్రాసులో నేర్చుకున్నట్టే సాగింది. వసూళ్ల లెక్కల్లో అన్నిటికంటే పెద్ద ఏరియా నైజాం, అంటే తెలంగాణ. టికెట్ కొన్నవాడి భాష హీరోకి ఎక్కడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

అంటే తెలంగాణ జీవితం మీద మంచి సినిమాలే రాలేదా?

వచ్చాయి. సాయుధ పోరాటం మీద 'మాభూమి' 1980లో వచ్చింది. దొర గడీలో బతికే ఆడమనిషి కథతో బి. నర్సింగరావు 1988లో 'దాసి' తీశారు. ఆ పాత్రకి అర్చనకు జాతీయ ఉత్తమ నటి అవార్డు దక్కింది. 1997లో 'ఒసేయ్ రాములమ్మా' మాస్ థియేటర్లలోనూ ఆడింది. కానీ ఇవన్నీ అణచివేత, పోరాటం ఉన్న కథలు. తెలంగాణ మనిషి మామూలుగా ప్రేమలో పడటం, ఉద్యోగం వెతుక్కోవడం, చెల్లి పెళ్లి చేయడం తెర మీద చూడాలంటే ఇంకా చాలా ఏళ్లు ఆగాల్సి వచ్చింది. నా దృష్టిలో అసలు లోటు అదే.

2014 తర్వాత నిజంగా మార్పు వచ్చిందా, లేక అందరూ అలా అంటున్నారా?

వచ్చింది. 2017లో 'ఫిదా'లో బాన్సువాడ పిల్ల కథకి కేంద్రం. ఆమె మాట విని జనం ముచ్చటపడ్డారు, వెక్కిరించలేదు. 2022లో 'డీజే టిల్లు' హైదరాబాద్ కుర్రాడి మాటతీరు మీదే నడిచింది. 2023లో 'బలగం' ఊళ్లలో పంచాయతీ దగ్గర తెరలు కట్టి మరీ వేసుకున్నారు.

కొత్త చిక్కు కూడా వచ్చింది. ఇప్పుడు తెలంగాణ అంటే మటన్, మందు, నోటికొచ్చిన బూతు. చావింట్లో అయినా పెళ్లింట్లో అయినా సీసా తెరవాల్సిందే. ఒకప్పుడు వెటకారంగా వాడినదాన్నే ఇప్పుడు గొప్పగా చూపిస్తున్నారు. చూడటానికి సరదాగానే ఉంటుంది, కానీ పది సినిమాలయ్యాక ఇదీ మూసే.

## కథ రాసేటప్పుడు

రాయలసీమ కథ రాస్తున్నాను. ఫ్యాక్షన్ లేకుండా కుదురుతుందా?

ఎందుకు కుదరదు? 1999లో 'సమరసింహారెడ్డి', 2001లో 'నరసింహనాయుడు', 2002లో 'ఇంద్ర' వరసగా ఆడేసరికి సీమ అంటే వేటకొడవలి, తెల్లచొక్కా, గాల్లోకి లేచే సుమోలు అని స్థిరపడిపోయింది. ఫ్యాక్షన్ అబద్ధం కాదు. కొన్ని ఊళ్లలో తరాల పాటు మనుషుల్ని మింగింది. కానీ అనంతపురం దేశంలోనే అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటి. వేరుశనగ వేసి ఆకాశంకేసి చూడటం, బోరు మీద బోరు వేసి అప్పుల పాలవడం, బెంగుళూరుకి కూలికి పోవడం అక్కడ అంతకంటే ఎక్కువ ఇళ్లలో జరిగే కథ. ఆ సినిమాల్లో కరువు ఎప్పుడూ వెనకాల సెట్టింగే, కథ కాదు.

ఇంకొకటి గమనించండి. చాలా ఫ్యాక్షన్ సినిమాల్లో హీరో చక్కటి సినిమా తెలుగు మాట్లాడతాడు. సీమ యాస అనుచరులకీ ప్రత్యర్థులకీ వెళుతుంది. "విలన్ మావాడే ఎందుకు?" అని అడిగేవాళ్లకి నేను చెప్పేదొకటే: హీరో మీవాడైనప్పుడు ఏ భాష మాట్లాడాడో చూడండి. ఆ ప్రాంతం మీద సినిమాకి ఎంత గౌరవముందో అక్కడ తెలుస్తుంది.

విలన్ ఏదో ఒక ఊరివాడై ఉండాలి కదా, ఎవర్ని పెట్టినా గొడవేనా?

విలన్ ఒక్కడి వల్ల ఎప్పుడూ గొడవ కాదు. మీ స్క్రిప్టులో ఆ ప్రాంతం నుంచో, ఆ కులం నుంచో, ఆ మతం నుంచో ఇంకెవరున్నారో చూసుకోండి. ఒక్క మార్వాడీ పాత్ర ఉండి అతను వడ్డీ వ్యాపారి అయితే, మీరు చూపించింది ఒక మనిషిని కాదు. అదే వీధిలో కాలేజీకి వెళ్లే అతని కూతురు, సరుకులు మోసే అతని తమ్ముడు కూడా ఉంటే సేఠ్ ఎంత చెడ్డవాడైనా జనం మనిషినే చూస్తారు.

ఆదివాసుల్ని హీరోలుగా చూపిస్తున్నారు కదా, ఇంకా విమర్శ ఎందుకు?

చూపించడంలో రకాలున్నాయి. మన్యం తిరుగుబాటు 1922 నుంచి 1924 దాకా నడిచింది. దాని మీద 1974లో వచ్చిన సినిమా అల్లూరిని ప్రతి ఇంటికీ చేర్చింది. ఆయన పక్కన పోరాడిన గాం గంటం దొర, గాం మల్లు దొర అన్నదమ్ముల పేర్లు ఎంతమందికి గుర్తు? మల్లు దొర జైలు అనుభవించి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఒక సినిమాకి సరిపడా జీవితం. జనం మనసులో మాత్రం నాయకుడు బయటినుంచి వచ్చినవాడు, ఆదివాసులు వెనక నడిచే గుంపు.

'ఆర్ఆర్ఆర్' కొమురం భీమ్‌ని ముందుకు తెచ్చింది, అది మంచిదే. నిజం భీమ్ నైజాం సర్కారుతో పోరాడి 1940లో జోడేఘాట్‌లో చనిపోయాడు. సినిమా భీమ్ ఢిల్లీలో తెల్లవాళ్లతో తలపడతాడు. అది కల్పిత కథ అని సినిమావాళ్లే చెప్పుకున్నారు, ఆ స్వేచ్ఛ వాళ్లకుంది. నాకు బాధ కలిగించేది భాష. అందులో గోండులు మాట్లాడేది తెలుగే. 2011 జనాభా లెక్కల ప్రకారం గోండి మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు దాదాపు 30 లక్షలు. ఆదిలాబాద్ గుంజాల ఊరిపేరుతో దానికి ఒక లిపి కూడా ఉంది. అదే దర్శకుడి 'బాహుబలి'లో కాలకేయుల కోసం కిలికి అనే భాషనే కొత్తగా పుట్టించారు, తమిళ గేయ రచయిత మదన్ కార్కీ చేత. లేని భాషకి వ్యాకరణం రాయించగలిగిన పరిశ్రమ, ఉన్న భాషలో నాలుగు ముక్కలు పలికించలేదు.

ఆ కాలకేయుల రూపం సంగతీ అంతే. నల్లటి ఒళ్లు, మురికి, అరుపులు, రాజ్యం మీదికి వచ్చే గుంపు. అది కల్పిత తెగే, నిజమే. అయినా 'అడవి మనిషి అంటే ఇలా' అనే పాత ఊహ లేకపోతే ఆ బొమ్మ అంత సులువుగా గీయలేరు.

ముస్లిం పాత్ర రాయాలంటే భయంగా ఉంది. ఏం జాగ్రత్త తీసుకోవాలి?

మన సినిమాలో ముస్లింకి రెండు ఉద్యోగాలే ఉన్నాయి: హీరో కోసం ప్రాణమిచ్చే స్నేహితుడు, లేదా ఉగ్రవాది. 2002లో 'ఖడ్గం' ఈ రెంటినీ ఒకే ఇంట్లో పెట్టింది. అన్న దేశభక్తుడైన ఆటో డ్రైవర్, తమ్ముడు దారి తప్పినవాడు. ఆ అన్న పాత్ర మనసున్న పాత్రే, కానీ తన దేశభక్తిని అతనే నిరూపించుకోవాలి. పక్కింటి హిందువుని ఎవరూ అడగరు. మీ కథలో ఆ పరీక్ష పెట్టకుండా రాయండి, సగం పని అయిపోతుంది.

అందరిచేతా "అరె భాయ్" అనిపించకండి. పాతబస్తీ దక్కనీ వేరు, కర్నూలు ఉర్దూ వేరు. దూదేకుల వాళ్ల ఇళ్లలో మాట్లాడేది తెలుగే.

## నటీనటులు, డైలాగ్, డబ్బింగ్

ఆ ప్రాంతం నటులే ఆ పాత్ర వేయాలా?

అక్కర్లేదు. బాన్సువాడ భానుమతిగా చేసిన సాయిపల్లవి తమిళనాడు నీలగిరుల అమ్మాయి. ఆ యాస నేర్చుకుని తన గొంతే ఇచ్చింది, జనం సొంత పిల్ల అనుకున్నారు. ఇంకోవైపు 2018లో 'కేరాఫ్ కంచరపాలెం' ఆ పేటలోని మామూలు మనుషులతోనే తీశారు. ఆ ముఖాలు స్టూడియోలో దొరకవు. రెండు దారులూ మంచివే.

ఆదివాసీ, దళిత పాత్రలకి మాత్రం నా సమాధానం కాస్త మారుతుంది. అక్కడ నటులు దొరకలేదనే మాట వింటుంటాను. ఆడిషన్ ఫిల్మ్‌నగర్‌లో పెట్టి, ఉట్నూరు నుంచి ఎవరూ రాలేదంటే ఎలా?

నాకు ఆ యాస రాదు. రాయకూడదా?

రాయండి, కానీ క్రియల తోకలు మార్చేస్తే యాస వచ్చేస్తుందనుకోకండి. అందరూ చేసే పొరపాటు అదే. కరీంనగర్ మాట, పాలమూరు మాట, నల్లగొండ మాట ఒకటి కాదు. ఒకే మనిషి అమ్మతో ఒకలా, ఎమ్మార్వో దగ్గర ఇంకోలా మాట్లాడతాడు. సినిమాల్లో మాత్రం పాత్ర ఎవరి ముందైనా ఒకే మోతాదులో యాస దంచుతుంది. అందుకే ఎబ్బెట్టుగా వినిపిస్తుంది.

నా సలహా: ఒక జిల్లా కాదు, ఒక మనిషిని ఎంచుకోండి. ఆమె అనుమతితో రెండు మూడు గంటల మాటలు రికార్డు చేసుకోండి. ఎక్కడ ఆగుతుంది, కోపమొస్తే గొంతు పెంచుతుందా తగ్గిస్తుందా, తిట్టాలంటే ఏం తిడుతుంది, అవి వినండి. డైలాగ్ సరిచూసే మనిషిని ఆ ఊరినుంచే పెట్టుకోండి. డబ్బులివ్వండి, టైటిల్స్‌లో పేరు వేయండి. "థాంక్స్ తమ్ముడూ" అని భుజం తట్టడం పారితోషికం కాదు.

పేద పాత్రకి మేకప్‌తో నలుపు పూయడం తప్పా?

నా లెక్కలో తప్పే. నల్లగా ఉండే నటులు మన దగ్గర కావలసినంతమంది ఉన్నారు. తెల్లటి హీరోయిన్‌ని తెచ్చి మసి పూసి ఆమెని కూలిపిల్ల అనడమంటే, నలుపు నిజం మనిషిది కాదు, పేదరికానికి వేసే వేషం అని చెప్పినట్టు.

హాలీవుడ్‌లో కూడా ఇంతేనా, లేక మనదే వెనకబడ్డ పరిశ్రమా?

వాళ్ల చరిత్ర మనకంటే ఘోరం. 1930లో రాసుకుని 1934 నుంచి గట్టిగా అమలు చేసిన హేస్ కోడ్ (హాలీవుడ్ తనకి తానే పెట్టుకున్న నియమావళి) ప్రకారం నల్లవాళ్లకీ తెల్లవాళ్లకీ మధ్య ప్రేమ చూపించడమే నిషేధం. 1937లో చైనా రైతు కుటుంబం మీద 'ది గుడ్ ఎర్త్' తీసినప్పుడు, అప్పటికే పేరున్న చైనీస్ అమెరికన్ నటి అన్నా మే వాంగ్‌కి నాయిక పాత్ర ఇవ్వలేదు. జర్మనీలో పుట్టిన లూయీస్ రైనర్ ఆ వేషం వేసి ఆస్కార్ అందుకుంది. తేడా ఏంటంటే వాళ్లు ఈ చరిత్రని పాఠాలుగా చెప్పుకుంటున్నారు. మనం ఇంకా యూట్యూబ్‌లో కామెడీ క్లిప్పులుగా చూస్తున్నాం.

## పాటలు, వేషాలు

జానపద కళాకారుల్ని సినిమాలోకి తెస్తే వాళ్లకి మేలే కదా?

చాలాసార్లు మేలే. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే మొగిలయ్య 2022లో పద్మశ్రీ జాబితాలో వచ్చారు. 'భీమ్లా నాయక్' పాటలో ఆయన గొంతు వినిపించాకే చాలామంది ఆ వాయిద్యం పేరు మొదటిసారి విన్నారు. 'బలగం' చివర్లో పాడిన బుడగ జంగాల కళాకారులు కొమురమ్మ, మొగిలయ్య (ఈయన వేరు, కిన్నెర మొగిలయ్య వేరు) దంపతులు థియేటర్లో ఏడిపించారు.

చిక్కంతా డబ్బు దగ్గర. తరాలుగా పాడుకుంటున్న పాటకి కాగితం మీద రచయిత ఉండడు. ఎవరో పల్లవి తీసుకుని రెండు చరణాలు కలిపితే హక్కు ఆ కలిపినవాడికి పోతుంది. పాట పుట్టిన కులానికో తండాకో ఏమీ రాదు. ముందే ఒప్పందం రాసుకోవాలి, హిట్టయ్యాక సన్మానం చేసి శాలువా కప్పితే సరిపోదు.

గ్రూప్ డాన్స్‌లో లంబాడీ డ్రెస్, ఈకల కిరీటం వాడొచ్చా?

వాడే ముందు అది ఎక్కడ, ఎప్పుడు వేసుకుంటారో కనుక్కోండి. దండారి పండగలో గోండులు పెట్టుకునే గుస్సాడీ నెమలి ఈకల టోపీ వాళ్లకి పవిత్రం. ఆ నృత్యాన్ని నిలబెట్టిన మర్లవాయి కనకరాజుకి 2021లో పద్మశ్రీ ఇచ్చారు. దాన్ని ఐటెం సాంగులో "జింగాలకా" గుంపుకి తగిలిస్తే వాళ్లకి ఎలా ఉంటుందో ఆలోచించండి.

## సెన్సార్, అభ్యంతరాలు

ఇలాంటివి సెన్సార్ బోర్డు ఆపదా?

1952 సినిమాటోగ్రాఫ్ చట్టం కింద 1991లో ఇచ్చిన మార్గదర్శకాల్లో జాతి, మతం, ఇతర వర్గాలను అవమానించే మాటలు, దృశ్యాలు ఉండకూడదని స్పష్టంగా ఉంది. అమలులో అది ఎక్కువగా ఒక్కొక్క మాటకి బీప్ వేయడంగా మారుతుంది. కులం పేరు తీసేస్తారు, పాత్ర అలాగే ఉంటుంది. మూస అనేది ఒక డైలాగులో ఉండదు, వంద సినిమాల్లో పరుచుకుని ఉంటుంది. దాన్ని కత్తిరించే కత్తెర ఏ బోర్డు దగ్గరా లేదు.

మావాళ్లని కించపరిచారు. మేం ఏం చేయొచ్చు?

కోర్టుకి వెళ్లొచ్చు. 2019లో 'వాల్మీకి' అనే పేరు మీద బోయ సామాజిక వర్గం అభ్యంతరం చెబితే విడుదలకి ముందు అది 'గద్దలకొండ గణేష్' అయింది. ఓటీటీలో అయితే 2021 ఐటీ నిబంధనల ప్రకారం ముందు ఆ సంస్థ ఫిర్యాదుల అధికారికి రాయాలి. ఆయన 15 రోజుల్లో తేల్చాలి. ఏ నిమిషంలో ఏ మాట, ఎందుకు అభ్యంతరం అని రాస్తే విలువ ఉంటుంది.

గొడవలు జరుగుతాయన్న బెదిరింపుతో సినిమా ఆపడం కుదరదని 1989లోనే ఎస్. రంగరాజన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. థియేటర్ అద్దాలు పగలగొడితే నష్టపోయేది థియేటర్ ఓనరు, లాభపడేది నిర్మాత. అంత పబ్లిసిటీ డబ్బు పెట్టినా రాదు.

## రిలీజయ్యాక

పాన్ ఇండియా సినిమాల్లో యాస ఏమవుతుంది?

దారిలో రాలిపోతుంది. 'పుష్ప' మొదటి భాగంలో చిత్తూరు యాస పాత్రకి ప్రాణం. ఆ సినిమాకే అల్లు అర్జున్ జాతీయ ఉత్తమ నటుడయ్యారు, ఒక తెలుగు నటుడికి అది దక్కడం అదే మొదలు. హిందీలో శ్రేయస్ తల్పడే గొంతుతో వెళ్లింది. బాగా ఆడింది, కానీ ఉత్తరాది ప్రేక్షకుడికి చిత్తూరు అందలేదు, భుజం ఎత్తి నడిచే మొరటు మనిషి ఒకడు అందాడు. తెలుగువాళ్లంటే ఇప్పుడు అక్కడ గడ్డం, గొడ్డలి, స్లో మోషన్.

హిందీవాళ్లు మనల్ని వెక్కిరిస్తారు కదా, ముందు వాళ్లని అడగాలి కదా?

అడగాలి. 1968 'పడోసన్'లో మెహమూద్ వేసిన సంగీతం మాస్టారు దగ్గర్నుంచి దక్షిణాది అంతా వాళ్లకి నామం, "అయ్యయ్యో" మాత్రమే. మరి మన సినిమాల్లో అరవ కమెడియన్, మలయాళీ నర్సు, నేపాలీ గూర్ఖా, భోజ్‌పురి రౌడీ ఎలా ఉంటారో కూడా ఒకసారి చూసుకుంటే మంచిది. గూర్ఖా చేత "సాబ్‌జీ" అనిపించి నవ్వించిన సీన్లు లెక్కలేనన్ని.

'నాటు నాటు'కి ఆస్కార్ వచ్చాక ప్రపంచం మనల్ని గుర్తించినట్టేనా?

పాటని గుర్తించింది. 2023 మార్చిలో ఆ వేదిక మీద జరిగిన నృత్యంలో ముఖ్య డాన్సర్లు దక్షిణాసియావాళ్లు కాదని అమెరికాలోని మన కళాకారులే నిరసన తెలిపారు. పాట మనది, వేదిక మీద ఒళ్లు వేరేవాళ్లది. బాన్సువాడ, ఉట్నూరు వాళ్లు హైదరాబాద్‌ని అడిగిన ప్రశ్నే అప్పుడు మనం లాస్ ఏంజెలెస్‌ని అడిగాం.

పాత కామెడీలు పిల్లలకి చూపించొచ్చా? వాటిల్లో ఇవన్నీ ఉన్నాయి కదా.

చూపించండి. దాచిపెడితే రీల్స్‌లో ముక్కలుగా చూస్తారు, అది ఇంకా అన్యాయం. అమెరికాలో పెరిగే పిల్లలకైతే సగం తెలుగు సినిమా నుంచే వస్తుంది కాబట్టి ఇంకా అవసరం. మధ్యలో ఆపి ఉపన్యాసం ఇవ్వకండి, మళ్లీ మీతో కూర్చోరు. సినిమా అయ్యాక "ఆ పనిమనిషి ఎందుకలా మాట్లాడింది, హీరో వాళ్లమ్మ ఎందుకలా మాట్లాడలేదు?" అని ఒక్కటి అడిగి వదిలేయండి. ఎనిమిదేళ్ల పిల్లలకి కూడా ఇది ఇట్టే అర్థమవుతుంది. తర్వాతి ఆదివారం 'కేరాఫ్ కంచరపాలెం' పెట్టండి. కాస్త నిదానంగా నడుస్తుంది, మొదటి అరగంట ఓపిక పట్టమని ముందే చెప్పండి.